తట్టువకు స్వారి నేర్పుట – బడిపిల్లల కొక పని

కోడెను మొదటిసారి కాడి క్రిందికి తెచ్చిన దినము ఏ రైతునకును మఱపునకు రాదు. కొందఱి యింట ఆ కోడె నెలదినములలో మాలిమియై, పదేండ్లపాటు పిలిచిన పలికినట్లు దున్నును. మఱికొందఱి యింట అదే జాతి కోడె, అదే మేత మేసినదైనను, మొదటి వారమున తగిలిన దెబ్బలను ఎన్నటికిని మఱువక, కాడిని చూడగానే చతికిలబడును. లేదా మనిషిపైకి కొమ్ము విసరును. పశువులో భేదము స్వల్పము. నేర్పిన చేతిలోనే భేదమంతయు నున్నది. ఇది మన సభ్యులకు క్రొత్తగా చెప్పవలసిన సంగతి కాదు.

అయితే ఈ నేర్పుటను ఒక విద్యగా నెంచి, పిల్లలకు పనిగా నొసగి, దానికి దినచర్యయు జమాఖర్చును వ్రాయించి, తుదకు పరీక్షించు పద్ధతి యొకటి అమెరికా సంయుక్త రాష్ట్రములలో నూఱేండ్లకు పైగా నడచుచున్నది. అక్కడి పల్లెపిల్లలు మొక్కజొన్న మడులు, కోళ్లు, దూడలు మొదలగువానితోపాటు, పడుచు తట్టువను సాధుచేసి స్వారికి తెచ్చు పనిని గూడ చేపట్టుదురు. తట్టువ యనగా చిన్నజాతి గుఱ్ఱము. వాడుకలో టట్టు అందుము. ఈ పని యెట్లు జరుగునో, దానియందలి మెలకువ యేమో, అందు పొంచియున్న పెద్ద ప్రమాద మేమో ఈ నెల మేము వివరింపదలచితిమి. మన యూళ్లలో గుఱ్ఱములు అరుదైనను, కోడెలు లేని యూరు లేదు గనుక, ఇందలి నీతి మనకును పనికివచ్చునని మా నమ్మకము.

ఈ పద్ధతి పుట్టిన విధము

1902వ సంవత్సరము జనవరి 15వ తేదీన ఒహాయో రాష్ట్రమున క్లార్కు జిల్లాయందలి స్ప్రింగ్‌ఫీల్డు పట్టణములో, ఏ. బి. గ్రాహము అను పాఠశాలల పర్యవేక్షకుడు కొందఱు బాలబాలికలను సమావేశపఱచి ఒక సంఘమును స్థాపించెను. మొక్కజొన్న సాగు, కూరగాయల పెంపకము, నేల పరీక్ష వారి తొలి పనులు. ఇట్టి సంఘములే క్రమముగా ‘ఫోర్-హెచ్’ అను పేర దేశమంతటను వ్యాపించినవి. శిరస్సు, హృదయము, హస్తములు, ఆరోగ్యము – ఈ నాలుగు మాటలును వారి భాషలో ‘హెచ్’ అను అక్షరముతోనే ప్రారంభమగును; ఆ పేరున కదియే యర్థము.

1908లో మసాచుసెట్సు రాష్ట్రమునందలి నార్తాంప్టనులో స్మిత్ వ్యవసాయ పాఠశాలకు అధిపతిగా వచ్చిన రూఫస్ స్టిమ్సను ‘ఇంటిపని’ పద్ధతిని ప్రవేశపెట్టెను. బడిలో చదివినదానిని విద్యార్థి తన యింటి పొలముననో పశువులకొట్టముననో స్వయముగా చేసి చూపవలెను. ఉపాధ్యాయుడు ఆ యింటికి పోయి చూచి సలహా చెప్పవలెను. 1917లో వచ్చిన స్మిత్–హ్యూస్ చట్టము ఈ పద్ధతికి బలము చేకూర్చినది. ఆ చట్టప్రకారము వ్యవసాయవిద్య నేర్చు పిల్లలు ఏటికి ఆఱు నెలలకు తగ్గకుండ ఉపాధ్యాయుని పర్యవేక్షణమున పొలముపని చేయవలసి యుండెను. 1928లో కాన్సాసు సిటీ నగరమున అట్టి విద్యార్థుల సంఘము ఏర్పడెను. 1969 నుండి బాలికలకును అందు సభ్యత్వము లభించినది.

ఇక్కడ ఒక మాట. 1914 నాటి స్మిత్–లీవరు చట్టము వలన ఏర్పడి ఫోర్-హెచ్ సంఘములను నడపు శాఖకు ‘సహకార విస్తరణ సేవ’ యని పేరు. ఇచ్చటి ‘సహకారము’ మన సంఘముల వంటిది కాదు. వాటాలు, అప్పులు ఇందు లేవు. కేంద్రప్రభుత్వపు వ్యవసాయశాఖయు, రాష్ట్రముల వ్యవసాయ కళాశాలలును, జిల్లాలును కలిసి ఖర్చు భరించి, శాస్త్రజ్ఞుల విద్యను రైతు వాకిటికి చేర్చుటయే ఆ సహకారము. ఏర్పాటు వేఱైనను ఉద్దేశము మన కెఱిగినదే.

పని యనగా నేమి?

ఈ పద్ధతిలో ‘పని’ యనిన ఊరక గుఱ్ఱముతో ప్రొద్దుపుచ్చుట కాదు. దానికి నాలుగు లక్షణములు కలవు. మొదటిది – పశువును సాకు భారము విద్యార్థిదే. మేత, నీరు, శుభ్రము, గిట్టల సంరక్షణ – ఇవన్నియు అతని పూచీయే. పశువు తన సొంతము కావచ్చును. లేదా ఒప్పందము వ్రాసికొని మఱియొకరియొద్ద తెచ్చుకొన్నది కావచ్చును. రెండవది – పని మొదలుపెట్టక మునుపే లక్ష్యమును కాగితముపై వ్రాయవలెను. మూడవది – ప్రతిదినము జరిగినదానిని పుస్తకమున వ్రాయవలెను. నాలుగవది – ఎదిగిన వారొకరు, పని యెఱిగినవారు, దగ్గఱనుండి చూచుచుండవలెను.

ఈ నాల్గింటిలో అన్నిటికంటె కష్టమైనది రెండవది. అక్కడి బడి సంవత్సరము సామాన్యముగా ఆగస్టు చివరనో సెప్టెంబరులోనో ప్రారంభమై మే, జూను మాసములతో ముగియును. అనగా తొమ్మిది పది నెలలు. ఆపైన వేసవిలో జిల్లా ప్రదర్శనములు జరుగును. పిల్లలు తాము పెంచిన పశువులను అక్కడికి తోలుకొనిపోయి చూపుదురు. కావున విద్యార్థి తన పుస్తకము మొదటి పుటలో “ప్రదర్శనమునాటికి తట్టువపై స్వారి చేసి చూపుదును” అని వ్రాయుట సహజము. కాని తట్టువ ఆ పుస్తకమును చదువలేదు. దాని యెముకలకు బడి లెక్కయు ప్రదర్శనపు తేదీయు తెలియవు. ఇక్కడనే ప్రమాదము పొంచియున్నది.

ఎముకలు, పండ్లు, వయస్సు

నాలుగు కాళ్లపై నిలిచిన తట్టువ ఎత్తును వీపు మొదట, మెడ వచ్చి కలియు తావున కొలుతురు. ఆ యెత్తు సుమారు 147 సెంటిమీటర్లు, అనగా 58 అంగుళములు మించని గుఱ్ఱమును తట్టువగా లెక్కించుట వాడుక. రెండేండ్లు నిండునప్పటికి ఈ యెత్తులో చాల భాగము వచ్చియుండును. చూచువానికి అది పెద్దదైనట్లే యుండును. కాని యెత్తు వచ్చుట వేఱు, ఎముక ముదురుట వేఱు.

ఎదుగు పశువు ఎముకల చివరలయందు మెత్తని మృదులాస్థి పొర యుండును. ఎముక పొడవు పెరుగునది అక్కడనే. ఆ పొర గట్టిపడి ఎముకగా మాఱినపుడే ఆ కీలు పూర్తిగా ముదిరినదని యర్థము. గుఱ్ఱమునందు ఇది క్రిందినుండి పైకి జరుగును. గిట్ట పైనున్న చిన్న యెముకలు ఏడాదిలోపుననే ముదురును. ముందుకాలి మోకాలికి పైనున్న యెముక క్రిందికొన రెండు, రెండున్నర యేండ్లకు గాని ముదురదు. వెన్నుపూసలు అన్నిటికంటె ఆలస్యము. అవి పూర్తిగా ముదురుటకు అయిదాఱు సంవత్సరములు పట్టును. స్వారి చేయువాడు కూర్చుండునది ఆ వెన్ను మీదనే కదా!

దీనినిబట్టి పడుచు గుఱ్ఱమును కొట్టమున కట్టివేసి ఉంచవలెనని తలపరాదు. అది మఱింత కీడు. పచ్చికలో తిరుగుట, చేతితో నడిపించుట, మితమైన వ్యాయామము – ఇవి ఎముకకు బలమునే యిచ్చును. నిషిద్ధమైనది వెన్నుమీది యధికభారము, చిన్నచుట్టులో గిరగిర త్రిప్పుట, అలసట పుట్టు దాక పరుగెత్తించుట.

వయస్సును పండ్లనుబట్టి తెలిసికొనవచ్చును. మన రైతులు ‘రెండు పండ్ల కోడె, నాలుగు పండ్ల కోడె’ యని చెప్పు రీతియే యిచ్చటను. అయితే పశువునకు క్రింది దవుడనే ముందుపండ్లుండును. గుఱ్ఱమునకు పైనను క్రిందను గూడ నుండును. రెండున్నర యేండ్లకు నడిమి జత పాలపండ్లు ఊడి క్రొత్తవి వచ్చును. మూడున్నరకు ఆ ప్రక్క జత. నాలుగున్నరకు కడపటి జత. అయిదేండ్లకు నోరు నిండును. అమ్మువాడు “మూడు దాటినది” యని చెప్పినను, నడిమి పాలపండ్లు ఇంక నిలిచియున్నచో వాని మాట నమ్మరాదు.

ఎంత బరువు మోయగలదు?

దీనికొక లెక్క కలదు. గుఱ్ఱము తన బరువులో అయిదవ వంతుకు మించిన భారమును వీపున మోయరాదని చెప్పుదురు. ఆ భారములో మనిషియు, జీనును, తక్కిన సామగ్రియు చేరియుండవలెను. ఎదుగుచున్న తట్టువకు అంతకంటెను తక్కువ మేలు.

తట్టువను తూచుటకు కాటా దొరకనిచోట కొలతాడు చాలును. ముందుకాళ్ల వెనుకగా రొమ్ము చుట్టుకొలత సెంటిమీటర్లలో తీయుము. తరువాత భుజపు మొననుండి పిఱుదు మొనవఱకు పొడవు తీయుము. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చించి, దానిని పొడవుతో హెచ్చించి, వచ్చిన దానిని 11,880 చేత భాగింపుము. వచ్చినది కిలోలలో బరువు. ఇది ఎదిగిన గుఱ్ఱమునకు చెప్పిన సూత్రము. పడుచుదానికి ఉజ్జాయింపుగా మాత్రమే గ్రహింపవలెను.

ఉదాహరణమునకు చుట్టుకొలత 150, పొడవు 135 అనుకొందము. 150ని 150తో హెచ్చింపగా 22,500. దానిని 135తో హెచ్చింపగా 30,37,500. దీనిని 11,880 చేత భాగింపగా సుమారు 256 కిలోలు. ఇందు అయిదవ వంతు 51 కిలోలు. పిల్లవాడు 44 కిలోలు, జీను మొదలగునవి 9 కిలోలు అయినచో మొత్తము 53. రెండు కిలోలే యెక్కువ యనిపించవచ్చును. కాని ఆ పిల్లవాడును ఎదుగుచున్నవాడే. పని మొదలుపెట్టిననాడు సరిపోయిన బరువు పని ముగియునాటికి సరిపోకపోవచ్చును. ఈ లెక్క వేయకయే ముచ్చటపడి తట్టువను తెచ్చుకొన్న పిల్లవాడు, తాను శిక్షణ ఇచ్చిన గుఱ్ఱముపై తానే యెక్కలేని స్థితికి వచ్చును.

గుఱ్ఱపు స్వభావము

నేర్పుటకు ముందు దాని స్వభావమును ఎఱుగవలెను. గుఱ్ఱము వేటాడు జంతువు కాదు, వేటాడబడు జంతువు. పారిపోవుటయే దాని రక్షణ. కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే అది దాదాపు చుట్టును చూడగలదు. నుదుటికి సరిగా ఎదుట కొంచెము, తోకకు సరిగా వెనుక కొంత మాత్రము దానికి కనబడదు. కావున దానిని సమీపించువాడు ఎదుటనుండి గాని వెనుకనుండి గాని కాక, భుజమువైపుగా, మెల్లగా మాటాడుచు పోవలెను. చెవులు ఎటు తిరిగిన దాని మనస్సు అటున్నది. చెవులు వెనుకకు అణచిపట్టినచో అది కోపమునకు గుఱుతు.

అది నేర్చుకొను విధము ఒక్కటే సూత్రముపై ఆధారపడియున్నది: ఒత్తిడి ఎప్పుడు సడలునో, ఆ క్షణమున తాను చేయుచున్నదే సరియైనదని అది గ్రహించును. త్రాడు లాగితిమి, తట్టువ వెనుకకు బిగించినది, మన చేయి నొచ్చి త్రాడు వదలితిమి. అది ‘బిగించిన వదలుదురు’ అని నేర్చికొన్నది. మఱల త్రాడు బిగబట్టి, అది ఒక్క అడుగు ముందుకు వేయువఱకు ఓపికపట్టి, వేసిన మఱుక్షణమే సడలించితిమి. ఇప్పుడది ‘నడచిన వదలుదురు’ అని నేర్చికొన్నది. లాగుటలో బోధ లేదు. సడలించుటలోనే బోధ యున్నది. దెబ్బ కొట్టుట నిష్ప్రయోజన మగుటకు కారణ మిదియే. దెబ్బ ఏ పనికి తగిలినదో పశువునకు తెలియదు. కొట్టినవాని చేయి మాత్రము జ్ఞాపకముండును.

ఇది నేటి మాట కాదు. రెండువేల మూడువందల యేండ్లకు పూర్వమే గ్రీకు దేశస్థుడగు జెనోఫను అశ్వశిక్షణముపై గ్రంథము వ్రాసి, గుఱ్ఱముతో కోపముగా వ్యవహరింపరాదని బోధించెను. మన తెలుగుననే మనుమంచి భట్టు ‘హయలక్షణ విలాసము’ను రచించెను. గుఱ్ఱమును గూర్చిన విద్య మన దేశమునకు పరాయిది కాదు.

నేర్పవలసిన క్రమము

ఒక్కొక్క దినము పదిహేను ఇరువది నిమిషములకు మించి నేర్పరాదు. వారమునకు ఒకదినము గంటలకొలది విసిగించుటకంటె, ప్రతిదినము పదిహేను నిమిషములు మేలు. తట్టువ సరిగా చేసిన పనితోనే ఆ దినము ముగింపవలెను.

మొదటి మెట్టు – చేరిక. తట్టువ మేయుచుండగా దగ్గఱ నిలుచుట, మెడ నిమురుట, మాలీసు చేయుట. రెండువైపులనుండియు ఇట్లు చేయవలెను. గుఱ్ఱమునకు ఒక ప్రక్క తెలిసినది రెండవ ప్రక్కకు తెలిసినదని నమ్మరాదు.

రెండవ మెట్టు – నడిపించుట. తలకును మూతికిని చుట్టివచ్చు తలపట్టెడ తొడిగి, భుజముప్రక్కన నిలిచి, పిలిచిన నడచునట్లు, ఆగిన ఆగునట్లు, వెనుకకు అడుగువేయునట్లు నేర్పవలెను. త్రాటిని చేతికి చుట్టుకొనరాదు. కట్టవలసివచ్చినపుడు కొన లాగగానే ఊడు ముడి వేయవలెను.

మూడవ మెట్టు – కాళ్లు ఎత్తించుట. నాలుగు గిట్టలును ఎత్తి శుభ్రము చేయనిచ్చునట్లు అలవాటు చేయవలెను. ఆఱు ఎనిమిది వారముల కొకసారి గిట్టలు చెక్కించవలెను గనుక, ఈ మెట్టు దాటని తట్టువ నాలుబందు చేయువానికిని తనకును అపాయమే.

నాలుగవ మెట్టు – క్రొత్తవస్తువులు. గొడుగు, ఎగురు గుడ్డ, బండి చప్పుడు, నీటిమడుగు. వానిని దూరమునుండి చూపి, తట్టువ తానుగా మూతి చాచి వాసన చూచువఱకు వేచియుండవలెను. బలవంతముగా లాగికొనిపోరాదు.

ఐదవ మెట్టు – పొడవైన వాగెలతో వెనుకనుండి తోలుట. ఇది మన రైతునకు చక్కగా తెలిసిన పనియే. నాగలివెనుక నడచినట్లే, తట్టువకు కొంచెము ప్రక్కగా, తన్ను అందనంత దూరమున నడచుచు, రెండు వాగెలతో కుడియెడమలకు త్రిప్పుట. దీనివలన వెన్నుపై చటాకు బరువైన లేకుండ, స్వారిలో కావలసిన ఆజ్ఞలన్నియు అది నేర్చికొనును. కళ్లెము వేయుటకు ముందు పశువైద్యునిచే దాని పండ్లు చూపించవలెను. నోట నొప్పి యున్న పశువు తల విసరిన, దానిని పొగరనుట మన తెలివితక్కువ.

ఆఱవ మెట్టు – జీను. మొదట మడత దుప్పటి మాత్రము. కొన్ని దినములకు జీను, రికాబులు తీసివేసి. తంగును, అనగా పొట్టక్రింది పట్టెడను, ఒక్కసారిగా బిగింపక, కొంచెము బిగించి నాలుగడుగులు నడిపించి, మఱల కొంచెము బిగింపవలెను.

ఏడవ మెట్టు – మనిషి బరువు. తట్టువకు మూడు నాలుగేండ్లు నిండినపుడే ఇది. ఒకరు తలయొద్ద పట్టుకొనియుండగా, మఱియొకరు వీపుపై అడ్డముగా వాలి, క్షణములో దిగవలెను. భయపడనిచో మఱునాడు మఱికొంతసేపు. తరువాత నెమ్మదిగా కూర్చుండుట. తరువాత పది అడుగులు. మొదట ఎక్కువాడు బరువు తక్కువవాడును స్వారి బాగుగ వచ్చినవాడును అయియుండవలెను. నేర్వని పిల్లవాడు, నేర్వని గుఱ్ఱము – ఈ యిద్దఱు కలిసినచో ఎవరికి ఎవరు నేర్పుదురు?

ఎక్కువానికి శిరస్త్రాణము తప్పనిసరి. ఫోర్-హెచ్ సంఘములు చాల రాష్ట్రములలో అది లేనివానిని గుఱ్ఱమెక్కనీయవు. మడమ గల బూట్లు తొడుగవలెను. మడమ లేనిచో పాదము రికాబులో జాఱి ఇఱుకుకొని, పడినవానిని గుఱ్ఱము ఈడ్చుకొనిపోవును.

దినచర్య పుస్తకము

ఇంతయు జరిగినను పుస్తకము లేనిదే ఆ పని ‘పని’ కాదు. పుస్తకమున రెండు భాగములు. ఒకటి జమాఖర్చు: తట్టువ వెల, మేత, వైద్యము, గిట్టలు, సామగ్రి. అమ్మునపుడు వచ్చు ధరయు అందు చూపవలెను. మేతను తూచి వేయవలెను. తన బరువులో నూటికి ఒకటిన్నర రెండు వంతుల ఎండుగడ్డి దినమునకు సామాన్యముగా చాలును. 256 కిలోల తట్టువకు నాలుగైదు కిలోలు. తట్టువలు కొద్ది మేతతో బ్రతుకునట్టి జాతులు. ముచ్చటపడి ధాన్యము, దాణా ఎక్కువ పెట్టినచో గిట్టల లోపలి భాగము వాచి, నడువలేని వ్యాధి పుట్టును.

రెండవ భాగము నేర్పిన పాఠము: తేది, ఎంతసేపు, ఏమి నేర్పితిని, తట్టువ ఏమి చేసినది, రేపు ఏమి చేయవలెను. ఈ వరుసలలో ‘నేడు వెనుకకు పోయితిమి’ అని వ్రాయుటకు వెఱవరాదు. ‘జీనును చూచి భయపడినది, దుప్పటియొద్దకే మఱల వచ్చితిమి’ – ఇట్టి వాక్యము వ్రాసిన పిల్లవాడు మంచి శిక్షకుడు. ప్రతిదినము ‘బాగుగ నడచినది’ అని మాత్రమే యున్న పుస్తకమును చూచిన, ఎవరికైనను సందేహమే కలుగవలెను. మన సంఘముల లెక్కలు తనిఖీ చేయువారికి ఈ సంగతి బాగుగ తెలియును: ఏ దోషమును లేని పుస్తకమే మొదట పరీక్షింపదగినది.

వాయిదా ఎవరిది?

ఇక మొదట చెప్పిన ప్రమాదమునకు వత్తము. ఒక విద్యార్థి రెండేండ్ల తట్టువను తీసికొని, సెప్టెంబరులో పని ప్రారంభించెననుకొందము. మార్చి నాటికి ఐదు మెట్లు దాటెను. తట్టువ మాలిమియైనది, చూచుటకు పెద్దది, పిల్లవాని మాట వినును. ప్రదర్శనము నాలుగు నెలలలో నున్నది. తోటివారు స్వారి చేసి చూపనున్నారు. ‘ఒక్కసారి ఎక్కినచో ఏమగును?’ అని అతనికి తోచును. ఎక్కినను ఆ దినము ఏమియు కాదు. తట్టువ నడచును, జనులు మెచ్చుకొందురు, బహుమతియు రావచ్చును. కాని ఆ యొక్కసారి పదిసార్లగును, పది నూఱగును. వెన్నునకు కీళ్లకు కలిగిన చేటు నాలుగైదేండ్ల తరువాత బయటపడును. అప్పటికి ఆ పిల్లవాడు బడి విడిచియుండును. ఆ నొప్పి ఏ పుస్తకములోను ఖర్చుగా పడదు. తట్టువ మాత్రము దానిని మోయును.

మన సంఘముల అనుభవమునుబట్టి చూచిన ఈ విషయము తేటపడును. పంట చేతికి రాకముందే వాయిదా పెట్టి అప్పిచ్చిన సంఘము రైతును చెఱచును, తానును చెడును. పంటను చూచి వాయిదా పెట్టవలెను గాని, వాయిదాను చూచి పంట పండదు. తట్టువ విషయమునను అంతియే. తేదీని చూచి తట్టువ ఎదుగదు; తట్టువను చూచియే తేదీని నిర్ణయింపవలెను.

కావున తెలివిగల ఉపాధ్యాయుడు లక్ష్యమును వయస్సునుబట్టి వ్రాయించును. రెండేండ్ల తట్టువయైనచో: “ప్రదర్శనమునాటికి చేతితో నడచును, నాలుగు కాళ్లు ఎత్తనిచ్చును, పొడవైన వాగెలతో కుడియెడమలు తిరుగును, ఉత్త జీనుతో నిలుచును.” ఇదియే సంపూర్ణమైన పని. నాలుగేండ్ల తట్టువయైనచో: “నడకలో స్వారి, ఆగుట, తిరుగుట.” రెండవది మొదటిదానికంటె గొప్ప పని కాదు, తరువాతి పని మాత్రమే. మొదటి యేడు పని ముగించి, ఆ తట్టువనే తరువాతి యేడు కొనసాగించు విద్యార్థికి రెండు పుస్తకములుండును. తట్టువకు మంచి వెన్నుండును. పరీక్షించువారును ఈ భేదమును మన్నింపవలెను. ఎక్కి చూపినవానికే మార్కులిచ్చిన పరీక్షకుడు, తొందరపడుటను నేర్పినవాడగును.

మనము గ్రహింపదగినది

విశాఖ మన్యపు కొండబాటలలో నేటికిని తట్టువలు సరకులు మోయుచున్నవి. అట్టి తావుల సభ్యులు పై లెక్కలను – పండ్లనుబట్టి వయస్సు, కొలతాడుతో బరువు, అయిదవ వంతు భారము – ఉన్నవి ఉన్నట్లే వాడుకొనవచ్చును. మూటయైనను మనిషియైనను వెన్నునకు ఒక్కటే బరువు. జీనుకు బదులు గోనెలు వేసినంత మాత్రమున ఎముక ముందుగా ముదురదు.

తక్కిన సభ్యులకు కోడెలున్నవి. కోడెను కాడికి తెచ్చుటయందును ఈ మెట్లు చెల్లును. ముందు చేతికి మాలిమి, తరువాత పగ్గము, తరువాత ఉత్త కాడి, తరువాత ముసలియెద్దు ప్రక్కన నడక, తరువాత తేలికయైన దుంగ, కడపట నాగలి. తొలకరి వచ్చుచున్నదని, రెండవ యెద్దు లేదని, పండ్లు రాని కోడెను బరువు నాగలికి కట్టిన రైతు, పైని చెప్పిన పిల్లవానివలెనే తేదీకి పశువును తాకట్టుపెట్టినవాడగును. అట్టి సంవత్సరమున పొరుగువానితో ఎడ్లు పొత్తుపెట్టుకొని దున్నుకొనుట మేలు. సంఘము లుండుట ఇందుకొఱకే.

మఱియొక మాట. ఇంట కోడెదూడ యున్న సభ్యులు, బడికి పోవు తమ కుమారునకో కుమార్తెకో ఒక పుస్తకము కొనియిచ్చి, ఆ దూడ దినచర్యను వ్రాయుమని చెప్పి చూడవలసినదిగా కోరుచున్నాము. మేత ఎంత, ఖర్చు ఎంత, నేడేమి నేర్పితిమి, దూడ ఏమి చేసినది – నాలుగు వరుసలు చాలును. ఆ పిల్లలకు లెక్కయు వచ్చును, ఓపికయు వచ్చును. సంవత్సరాంతమున ఆ పుస్తకమును చదివినచో, దూడ ఎప్పుడు భయపడెనో, ఆ దినమున ఎవరు తొందరపడిరో ఇంటివారందఱకును తెలియును. దూడ నోరులేని జీవము. దాని పక్షమున సాక్ష్యము చెప్పగలిగినది ఆ పుస్తకమొక్కటియే.